పైనుంచి అన్నీ కనపడతాయంటగా, మరి మీరెందుకొచ్చారు?

పొలం గట్టు మీద జీపీఎస్ పట్టుకుని నిలబడితే రైతులు ముందుగా అడిగేది "సార్, ఇది లోను కోసమా, ఇన్సూరెన్సు కోసమా?" అని. శాటిలైట్ కోసమని చెబితే వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది, అదే ఈ పోస్టు శీర్షిక. శాటిలైట్ చిత్రాలతో పంటల విస్తీర్ణం లెక్కగట్టడం నా వృత్తి. పల్లెలో అయినా పెళ్లిలో అయినా నాకు ఎదురయ్యే అపోహలు దాదాపు ఇవే.

అపోహ: పైనుంచి అంతా లైవ్‌లో కనిపిస్తుంది.

కనిపించదు. తుపాన్లను కనిపెట్టే ఇన్సాట్ ఉపగ్రహాలు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. దేశం మొత్తాన్ని అరగంటకోసారి చూస్తాయి గానీ వాటికి ఊరే ఒక చుక్క. ఇస్రో ఉపగ్రహం కార్టోశాట్-3 అయితే 25 సెంటీమీటర్ల వివరం దాకా చూపిస్తుంది. కానీ ఒక్కసారికి అది చూసే పట్టీ వెడల్పు 16 కిలోమీటర్లే. దగ్గరగా చూస్తే వెడల్పు తగ్గుతుంది, వెడల్పుగా చూస్తే వివరం తగ్గుతుంది.

మేము ఎక్కువగా వాడేది 10 మీటర్ల పిక్సెల్, అంటే చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. తెలంగాణ లెక్కలో చెప్పాలంటే ఒక పిక్సెల్ దాదాపు ఒక గుంట, ఎకరానికి 40. అరెకరం చెక్కలో గట్టు, కొబ్బరి చెట్లు, పక్కవాళ్ల మడి కలిసిపోయిన పిక్సెళ్లను పక్కన పెడితే మిగిలేవి ఎన్నో మీరే ఊహించండి.

పైగా ఖరీఫ్‌లో మబ్బులు. అందుకే మబ్బుల గుండా కూడా చూడగలిగే రాడార్ మీద ఆధారపడతాం. నాట్ల సమయంలో మడిలో నిలిచిన నీరు రాడార్ కిరణాన్ని అద్దంలా పక్కకు తిప్పేస్తుంది, చిత్రంలో మడి నల్లగా వస్తుంది. పిలకలు వేసి పైరు లేచేకొద్దీ తెల్లబడుతుంది. ఈ నలుపు నుంచి తెలుపుకు మారడమే వరికి గుర్తు. భీమవరం, కైకలూరు వైపు రొయ్యల చెరువులూ నల్లగానే ఉంటాయి, కానీ తెల్లబడవు. అందుకే ఒక్క చిత్రం చూసి ఏదీ చెప్పకూడదు, నేల మీదికి వెళ్లి సరిచూడకుండా అసలే చెప్పకూడదు. నేను గట్టు మీదికి వచ్చేది అందుకే.

అపోహ: పేద దేశానికి అంతరిక్షం మీద ఇంత ఖర్చా!

2025-26 బడ్జెట్‌లో అంతరిక్ష శాఖకు ఇచ్చింది సుమారు 13,416 కోట్లు. కేంద్రం మొత్తం ఖర్చులో వంద రూపాయలకు 26 పైసలు. అమెరికాలో నాసా వాటా కూడా ఇప్పుడు వంద డాలర్లకు 40 సెంట్ల లోపే. చంద్రుడి మీదికి మనిషిని పంపేందుకు సిద్ధమవుతున్న అపోలో రోజుల్లో, 1966లో, అది 4 డాలర్లు దాటింది.

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన సుమారు పదివేల మందిని మింగింది. అప్పటికి మనకు సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. 2014లో హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖను తాకినా ఆంధ్రప్రదేశ్‌లో మరణాలు పదుల్లోనే ఆగాయి. ఆ ఘనత ఒక్క ఉపగ్రహానిదే అనను. ఫోన్లు, రోడ్లు, తుపాను షెల్టర్లు, ఇంటింటికీ తిరిగి జనాన్ని తరలించిన సిబ్బంది, అందరి కష్టమూ ఉంది. కానీ తుపాను ఎటు వస్తోందో రోజుల ముందే కనపడకపోతే ఎవరిని ఎటు తరలించేవాళ్లు?

అపోహ: ఇక అంతా ప్రైవేటే, ప్రభుత్వ డబ్బుతో పనిలేదు.

అమెరికాలోని స్పేస్ ఫౌండేషన్ అనే సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచ అంతరిక్ష వ్యాపారం 57,000 కోట్ల డాలర్లు, అందులో దాదాపు 78 శాతం వాణిజ్యమే. నిజమే. కానీ ఆ వాణిజ్యంలో పెద్ద భాగం జీపీఎస్ మీద నడుస్తోంది, ఆ జీపీఎస్‌ను నడిపేది అమెరికా ప్రభుత్వ సొమ్ము. అమెరికా ప్రభుత్వ ఉపగ్రహం ల్యాండ్‌శాట్ చిత్రం ఒకప్పుడు ఒక్కోటి 600 డాలర్లు. 2008లో ఉచితం చేశాకే మాలాంటివాళ్లు పదుల ఏళ్ల చిత్రాలను ఒకచోట పేర్చి చూడగలిగారు. తుపాను హెచ్చరికకు జాలరి దగ్గర బిల్లు వసూలు చేయలేం కదా.

అపోహ: రాకెట్ సైంటిస్టులకే ఉద్యోగాలు.

ఇస్రో సిబ్బంది మొత్తం ఇరవై వేల లోపే. పని దానికి బయటే ఎక్కువ. హైదరాబాద్‌లో ప్రభుత్వ సంస్థ మిధాని ప్రత్యేక లోహాలు తయారుచేస్తుంది, 2022 నవంబరులో విక్రమ్-ఎస్ రాకెట్ ఎగరేసిన ప్రైవేటు కంపెనీ స్కైరూట్ కూడా ఇక్కడిదే. వీటికి ఫిట్టర్లు, వెల్డర్లు, మెషినిస్టులు కావాలి. మా వైపు వ్యవసాయ శాస్త్రం, భూగోళం, గణాంకాలు చదివినవాళ్లు కావాలి. ఒక్క మాట దాచను: డేటా పనిలో చాలా ఉద్యోగాలు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. చేరేముందు అది అడిగి తెలుసుకోండి.

అపోహ: నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదు.

పనిచేస్తుంది. ఫోన్ ఉపగ్రహాల సంకేతాలను వింటుంది, అంతే. నెట్ కావలసింది మ్యాపుకే. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉపగ్రహ చిత్రాల్లో సముద్రపు వేడి, నాచు చూసి చేపలు దొరికే చోట్లను చెబుతుంది. వేటకు వెళ్లేవాళ్లు ఆ సమాచారం, మ్యాపు రెండూ ఒడ్డునే దించుకోవాలి. టవర్ దాటాక మీరెక్కడున్నారో ఫోన్ చూపిస్తుంది గానీ, కొత్త మ్యాపు మాత్రం రాదు.