కంటిన్యుటీ చూసేవాడు చెప్తున్నాడు: మరాఠీ సీరియళ్ళపై అపోహలు, వాస్తవాలు

మాది సోలాపూర్. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. ఠాణేలో ఘోడ్‌బందర్ రోడ్డు దగ్గర ఒక బంగళాలో తీసే కుటుంబ సీరియల్‌కి ఆరేళ్ళుగా కంటిన్యుటీ చూస్తున్నాను, అంటే ఒక షాట్‌లో ఉన్న వస్తువులు, బట్టలు తర్వాతి షాట్‌లోనూ అలాగే ఉన్నాయో లేదో చూసే పని. పండక్కి ఇంటికెళ్తే చాలు, మా పిన్ని పట్టుకుంటుంది. "ఏరా, ఆ పిల్లకి నిజం ఎప్పుడు చెప్తారు? ఒక్క మాట చెప్పడానికి నెల పడుతుందా?"

అపోహ: కథ లేకే సాగదీస్తారు.

వాస్తవం: కథ ఉంటుంది పిన్నీ, టైమే ఉండదు. అరగంటలో ప్రకటనలు పోగా దాదాపు 22 నిమిషాలు నింపాలి, అదీ వారానికి ఆరు రోజులు. మొదట్లో చేతిలో ముందే తీసి పెట్టుకున్న పది పన్నెండు ఎపిసోడ్ల బ్యాంక్ ఉంటుంది. ఒక ఆర్టిస్టుకి జ్వరం, రెండు రోజులు ముంబై వాన, అంతే, అది కరిగిపోయి ఇవాళ తీసింది రేపు టెలికాస్ట్ అయ్యే స్థితికొస్తాం. ఒకసారి సాయంత్రం నాలుగింటికి ఎడిటర్ ఫోన్ చేసి ఎపిసోడ్ పద్దెనిమిదిన్నర నిమిషాలే వచ్చిందన్నాడు. రైటర్ అప్పటికప్పుడు వాట్సాప్‌లో ఒక సీన్ పంపింది: అత్తగారు మెంతికూర గిల్లుతూ చెల్లెలితో ఫోన్‌లో మాట్లాడుతుంది, కథ అంగుళం కదలదు. మూడు టేకులయ్యేసరికి కట్ట మొత్తం గిల్లేశారు, సెట్‌లో చిల్లర పనులు చూసే స్పాట్ దాదా పరుగున వెళ్ళి ఇంకో రెండు కట్టలు తెస్తే, నా ఫోన్‌లోని ఫొటో చూసుకుంటూ పళ్ళెంలో మొదటి టేకులో ఉన్నంత కుప్పే మళ్ళీ పోశాను. అప్పటికీ నలభై సెకన్లు తక్కువ. ఇంట్లో వాళ్ళందరివీ తలో క్లోజప్ తీశాం. మీరు తిట్టుకునే ఆ 'ధన్ ధన్ ధన్' ముఖాలు ఇవే. పాత క్లోజప్‌లు కూడా దాచుకుని వాడతాం, చీర, బొట్టు కలిస్తే చాలు.

అన్నిసార్లూ మాది తప్పు కాదని అనను. కిందటేడు ఒక కిడ్నాప్ కథని టీఆర్‌పీ నంబర్లు వస్తున్నాయని ఐదు వారాలు నడిపారు, అది మాత్రం పచ్చి సాగదీతే.

అపోహ: టీఆర్‌పీ అంటే యూట్యూబ్ వ్యూస్ లాంటిదే.

కాదు. దేశం మొత్తం మీద 50,000కు పైగా ఇళ్ళలో, టీవీని ఎంతమంది చూస్తున్నారో లెక్కగట్టే బార్క్ అనే సంస్థ మీటర్లుంటాయి. టీవీ శబ్దంలో మన చెవికి వినిపించని ఒక గుర్తు కలిపి ఉంటుంది, మీటర్ దాన్ని పట్టుకుని ఏ ఛానల్ నడుస్తోందో కనిపెడుతుంది. గురువారం నంబర్లొస్తాయి, ఆ రోజు సెట్‌లో టీ కూడా టెన్షన్‌గానే తాగుతాం. శుక్రవారానికి ఖాయమైన పెళ్ళి గురువారం మధ్యాహ్నానికి ఆగిపోవడం నేను చూశాను.

అపోహ: మరాఠీ వాళ్ళు హిందీని చూసి తీస్తారు.

'ఆయీ కుఠే కాయ్ కర్తే' చూడండి. మూలం బెంగాలీ 'శ్రీమొయీ'. మరాఠీలో 2019 డిసెంబర్‌లో మొదలై 2024 నవంబర్ దాకా నడిచింది. హిందీ 'అనుపమా', మన 'ఇంటింటి గృహలక్ష్మి' రెండూ వచ్చింది 2020లో. కథ ఒకటే అయినా ఇల్లు మారాలి కదా, అక్కడే పనంతా. బెంగాలీ ఇల్లాలి చేతికి శంఖం గాజులుంటే, మరాఠీ ఇల్లాలి మెడలో నల్లపూసలకి రెండు చిన్న బంగారు వాటీలు, అంటే చిట్టి గిన్నెల్లాంటి బిళ్ళలు, వేలాడాలి. సీన్ మధ్యలో అవి పైట కింద దాక్కుంటే మర్నాడు నాకు అక్షింతలే.

అపోహ: ప్రాంతీయ సీరియళ్ళు ఎక్కువ కాలం నడవవు.

'చార్ దివస్ సాసూచే' 2001 నవంబర్‌లో మొదలై 2013 జనవరి దాకా నడిచింది, 3,000కు పైగా ఎపిసోడ్లు. వచ్చిందేమో ఈటీవీ మరాఠీలో, మొదలైనప్పుడు అది మన రామోజీరావు గారి ఛానలే. అందులో అత్తగారు రోహిణీ హట్టంగడి. 'సీతారామయ్యగారి మనవరాలు'లో అక్కినేని పక్కన బామ్మగా చేసింది ఆవిడేనంటే పిన్ని ముందు నమ్మలేదు. ఆ పేరు 'నాలుగు రోజులు అత్తవి, నాలుగు రోజులు కోడలివి' అనే మరాఠీ సామెత నుంచి వచ్చిందని కూడా చెప్పాను.

"అత్తా ఒకింటి కోడలే అని మనకీ ఉందిగా" అంది పిన్ని. "దానికి పదకొండేళ్ళా?"