మయామీ నుంచి కీ వెస్ట్‌కి ఆర్వీలో: అపోహలు, వాస్తవాలు

మయామీ దగ్గర ఆర్వీలు, అంటే మంచాలు, వంటిల్లు, టాయిలెట్ ఉన్న ఇల్లులాంటి బండ్లు, అద్దెకిచ్చే ఒక యార్డులో నా పని. బండి తీసుకోవడానికి వచ్చినవాళ్లకు లోపలా బయటా అన్నీ చూపించి తాళాలు ఇస్తాను, తిరిగి తెచ్చాక చెక్ చేసి తీసుకుంటాను. మన తెలుగువాళ్లు ఎక్కువగా వేసుకునే ట్రిప్ ఒకటే: మయామీ నుంచి ఫ్లోరిడా దక్షిణ కొసన ఉన్న కీ వెస్ట్ దీవికి, రెండు మూడు రాత్రులు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, లాంగ్ వీకెండ్ దొరికినప్పుడు మొదట గుర్తొచ్చేది ఇదే. ఒక వైపు 160 మైళ్లే కాబట్టి అందరికీ తేలిగ్గా కనిపిస్తుంది.

వాళ్లలో చాలామంది కాంట్రాక్టు మీద సంతకం పెట్టాక అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, రాత్రికి బండి ఎక్కడ ఆపుకుంటే బాగుంటుంది?" ఆ మాట వినగానే నాకు గుండె జారిపోతుంది. ఆ ప్రశ్న నెలల ముందు అడగాల్సింది. అప్పటికి డిపాజిట్ కట్టేసి ఉంటారు, ఫ్లైట్లు దిగి ఉంటారు, పిల్లలు అప్పుడే పై బంక్ ఎక్కి గెంతుతూ ఉంటారు. వాళ్ల ముఖాలు చూస్తూ నిజం చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఆర్వీ అంటే ఇల్లే కదా, ఎక్కడ ఆపితే అక్కడ పడుకోవచ్చు

కుదరదు. కీ వెస్ట్ దాకా ఉన్న ఈ దీవుల వరుసలో, అంటే కీస్‌లో, అసలే కుదరదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా "మా ఫ్రెండ్ అరిజోనాలో ఎక్కడ పడితే అక్కడ ఆపాడు" అంటారు. అరిజోనాలో కనుచూపు మేర ప్రభుత్వ భూమి ఉంది. ఇక్కడ ఉన్నది సముద్రం మధ్య సన్నటి దారి. రైల్వే వ్యాపారి హెన్రీ ఫ్లాగ్లర్ 1912లో కీ వెస్ట్ దాకా తెచ్చిన రైలు మార్గం 1935 తుఫానులో దెబ్బతింటే, అదే దారి మీద, అవే వంతెనలు వాడుకుని 1938లో ఓవర్సీస్ హైవే తెరిచారు. మొత్తం 113 మైళ్లు, 42 వంతెనలు. చాలా చోట్ల రోడ్డుకు అటు నీళ్లు, ఇటు నీళ్లు. ఉన్న కాస్త నేలా ఇళ్లకు, మోటెళ్లకు, పార్కులకు పోయింది. హైవే పక్కన రాత్రి బండి ఆపి పడుకోవడం నిషేధం. షాపుల పార్కింగ్ లాట్లలో బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. పైన మెయిన్‌ల్యాండ్‌లో రెస్ట్ ఏరియాలున్నాయిగా అంటారు కొందరు. ఫ్లోరిడా రెస్ట్ ఏరియాల్లో మామూలు వాహనాలకు మూడు గంటలే అనుమతి. అక్కడ ఒక కునుకు తీయొచ్చు, రాత్రంతా గడపడానికి లేదు.

అందుకే ముందు సైట్ (క్యాంప్‌గ్రౌండ్‌లో బండి నిలుపుకోవడానికి బుక్ చేసుకునే చోటు), తర్వాతే బండి. బండి ఎప్పుడైనా దొరుకుతుంది. మా దగ్గర లేకపోతే పక్క యార్డులో ఉంటుంది. సైట్ దొరకదు. కీస్‌లో ఆర్వీలకు పనికొచ్చే స్టేట్ పార్కులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కీ లార్గోలో జాన్ పెన్నెక్యాంప్, మారథాన్‌లో కర్రీ హామక్, బిగ్ పైన్ కీ దాటక ముందే బహియా హోండా. వీటికి ఫ్లోరిడాలో ఉండేవాళ్లు 11 నెలల ముందు, బయటి రాష్ట్రాలవాళ్లు 10 నెలల ముందు బుక్ చేసుకోవచ్చు. సెలవుల వారాలు, చలికాలం వీకెండ్లు బుకింగ్ తెరిచిన పొద్దున్నే అయిపోతాయి. అట్లాంటా నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చేవాళ్లు చూసే సరికే ఫ్లోరిడా వాళ్లు ఒక నెల ముందున్నారన్న సంగతి గుర్తుంచుకోండి.

అలాగని ఆశ వదులుకోనక్కర్లేదు. క్యాన్సిలేషన్లు రోజూ వస్తుంటాయి. ఆదివారం నుంచి గురువారం మధ్య రాత్రులకు పొద్దునా సాయంత్రం చూస్తూ ఉంటే ఒకటి రెండు దొరికే అవకాశం ఉంది. బుక్ చేసేటప్పుడు సైట్ పొడవు చూడండి. బహియా హోండాలో బేసైడ్ అనే భాగం ఉంది. ఖాళీ కనిపించిందని ఎగిరి గంతేసి బుక్ చేస్తారు. అక్కడికి దారి హైవే వంతెన కింది నుంచి పోతుంది, ఎత్తు ఏడు అడుగుల లోపే. మీ బండి పదకొండు, పన్నెండు అడుగులుంటుంది. ఆర్వీకైతే అదే పార్కులో బటన్‌వుడ్ వైపు చూసుకోవాలి.

ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్లు కూడా ఉన్నాయి. రేటు ఎక్కువ, అయినా సెలవులకు అవీ నిండిపోతాయి. కీ వెస్ట్ ఊళ్లోనే ఉందామనుకునేవాళ్లకు ఆనుకుని ఉన్న స్టాక్ ఐలాండ్ చాలు. బండి అక్కడ పెట్టేసి ఊబర్‌లోనో సైకిల్ మీదో ఊళ్లోకి వెళ్లండి. ఫోర్ట్ జాకరీ టేలర్ పార్కులో బీచ్ బాగుంటుంది కానీ అక్కడ క్యాంపింగ్ లేదు.

అపోహ: సైట్ దొరక్కపోతే ఏమైంది, లోపల ఏసీ ఉంది, ఎలాగో ఒక రాత్రి గడిపేస్తాం

ఇది మొదటి అపోహకు తోబుట్టువు. డబ్బుతో పాటు ఆరోగ్యాన్ని కూడా తీసుకెళ్లేది ఇదే. మీ బండిలో ఏసీలు రెండు. డాష్‌బోర్డ్ ఏసీ ఇంజన్ నడిస్తేనే వస్తుంది, వెనక కూర్చున్నవాళ్ల దాకా సరిగా అందదు. పైకప్పు ఏసీ 120 వోల్టుల కరెంటు మీద నడుస్తుంది. అంటే సైట్‌లో థర్టీ యాంప్ హుకప్ (బండికి కరెంటు తీగ తగిలించుకునే చోటు) అయినా ఉండాలి, జనరేటర్ అయినా వేయాలి. మేం అద్దెకిచ్చే బండి బ్యాటరీ మీద లైట్లు, నీళ్ల పంపు, చిన్న ఫ్యాన్ మాత్రమే నడుస్తాయి. "బ్యాటరీ ఫుల్‌గా ఉంది కదా" అని నాతో వాదించినవాళ్లు ఉన్నారు.

మరి జనరేటర్ రాత్రంతా వేస్తే? అది బండి ట్యాంకులోంచే పెట్రోలు తాగుతుంది, ట్యాంకు పావు భాగానికి వచ్చేసరికి దానంతట అదే ఆగిపోతుంది. కొన్ని కంపెనీలు గంటల లెక్కన ఛార్జ్ కూడా వేస్తాయి. క్యాంప్‌గ్రౌండ్లలో రాత్రి జనరేటర్ వేయనివ్వరు. అన్నిటికంటే ముఖ్యం, దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. జనరేటర్ నడుస్తుండగా లోపల పడుకోవద్దని నేను ప్రతి ఒక్కరికీ చెప్తాను, కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి ఆ చప్పుడు వాళ్లకు వినిపిస్తాను. పెద్దవాళ్లుంటే వాళ్ల చేతే నొక్కిస్తాను.

ఒక జూలై నాలుగు వీకెండ్‌కి ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, రాజమండ్రి నుంచి వచ్చిన అత్తమామలు. సైట్ లేదు. "మారథాన్‌లో ఏదో ఒక లాట్‌లో ఆపేస్తాం" అన్నారు. వద్దని చెప్పాను. అప్పటికే డబ్బు కట్టేశారు, వెళ్లారు. మారథాన్‌లో రాత్రి పదకొండింటికి తలుపు కొట్టి బండి తీయమన్నారట. ఇంకో చోట ఆపితే అక్కడా అంతే. జూలైలో ఇక్కడ రాత్రుళ్లు కూడా గాలి వేడిగానే ఉంటుంది. కిటికీలు తెరిస్తే నలకంత పురుగులు దోమతెరలోంచి దూరి మరీ కుడతాయి. చివరికి నిద్రలేని కళ్లతో అర్ధరాత్రి వంతెనలన్నీ వెనక్కి దాటుకుంటూ మెయిన్‌ల్యాండ్ మీది ఫ్లోరిడా సిటీ దాకా వచ్చి, తెల్లవారుజామున ఒక హోటల్లో గది తీసుకున్నారు. బండి తిరిగిచ్చే రోజు ఆ పెద్దాయన నా పక్కన కూర్చుని "గోదావరి ఒడ్డు ఎండలు నాకు కొత్త కాదు బాబూ, ఈ పెట్టెలో మాత్రం ఊపిరాడలేదు" అన్నారు. ఆయన బీపీ మాత్రల డబ్బా బల్ల మీద మూత తెరిచే ఉంది. అద్దె, పెట్రోలు, హోటల్ అన్నీ కట్టి ఆ కుటుంబం కీ వెస్ట్ చూడకుండానే వెళ్లిపోయింది. అల్లుడిని తప్పు పట్టడానికి నాకు మనసు రాలేదు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోల్లో సూర్యాస్తమయం కనిపిస్తుంది, హుకప్ తీగ కనిపించదు.

సైట్ ఉన్నా కరెంటు లెక్క తెలిసి ఉండాలి. థర్టీ యాంప్ అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీకి 13 యాంప్‌ల దాకా పోతుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న ఇండక్షన్ స్టవ్‌కి 15. దాని మీద రైస్ కుక్కర్ స్విచ్ వేశారంటే బ్రేకర్ పడుతుంది. "బండి పాడైంది" అని నాకు రాత్రి ఫోన్ వస్తుంది. పాడవలేదండీ. అన్నం వండే అరగంట ఇండక్షన్ ఆపేసి, కూర గ్యాస్ స్టవ్ మీద చేసుకోండి.

కీస్‌లో సైట్ దొరకనే లేదా? అయితే కీస్‌లోకి ఆర్వీ తీసుకెళ్లకండి. బండ్లు అద్దెకిచ్చే నేనే ఈ మాట చెప్తున్నాను. మయామీ జూ దగ్గర ల్యారీ అండ్ పెన్నీ థాంప్సన్ అనే కౌంటీ పార్కులో పూర్తి హుకప్ (కరెంటు, నీళ్లు, మురుగు పైపు) సైట్లున్నాయి. ఆర్వీ అక్కడ పెట్టి, ఒక రోజుకి కారు అద్దెకు తీసుకుని కీ వెస్ట్ వెళ్లి రండి. ఆ పక్కనే రెడ్‌ల్యాండ్. వేసవిలో మామిడి, పనస, జామ తోటల పళ్లు రోడ్డు పక్కనే అమ్ముతారు. అమెరికా వచ్చి ముభావంగా కూర్చున్న అమ్మలు అక్కడ పనస తొన చేతిలోకి తీసుకుని ఎలా మాట్లాడతారో నేను చూశాను. కీ వెస్ట్ కన్నా అదే బాగుందని చెప్పినవాళ్లూ ఉన్నారు.

అపోహ: సెవెన్ మైల్ బ్రిడ్జి మీద ఆర్వీ నడపడం ప్రమాదం

ఇది అడిగేవాళ్ల గొంతులో నిజమైన టెన్షన్ ఉంటుంది, అందుకే ఓపిగ్గా చెప్తాను. మారథాన్ దాటాక వచ్చే ఇప్పుడున్న వంతెన 1982లో తెరిచింది. పాత ఇరుకు వంతెన పక్కనే కనిపిస్తుంటే దాని మీదుగా వెళ్లాలేమో అని కంగారు పడతారు, దాని మీదికి వాహనాలు వెళ్లవు. మీ బండికంటే పెద్దవి రోజూ కొత్త వంతెన దాటుతున్నాయి. పడవల కోసం ఒక చోట పైకి లేస్తుంది, మిగతాదంతా చదునే. పక్క గాలి తోస్తుంది. స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని పది మైళ్లు తగ్గించి వెళ్లండి, వెనకవాళ్లు ఆగుతారు. గాలివాన ఉంటే మారథాన్‌లోనే ఒక గంట ఆగండి. బిగ్ పైన్ కీలో మాత్రం చిన్న జింకలు అడ్డం వస్తాయి, అక్కడ పగలు 45, రాత్రి 35 దాటకూడదు.

నాకు భయం వేసేది వంతెనల గురించి కాదు. కీ వెస్ట్ పాత ఊళ్లోని చెట్ల కొమ్మలు, డ్రైవ్‌త్రూల పైకప్పులు, హోటల్ పోర్టికోలు. యార్డుకు తిరిగొచ్చే బండ్లలో నేను ముందు నిచ్చెన వేసి చూసేది పైకప్పే.

అపోహ: ఇన్సూరెన్స్ తీసుకున్నాం, క్రెడిట్ కార్డు కవరేజీ కూడా ఉంది

చాలా కార్డులు ఆర్వీలను కవర్ చేయవు. చాలా అద్దె కాంట్రాక్టుల్లో పైకప్పు, అడుగు భాగం దెబ్బతింటే మీదే బాధ్యత అని ఉంటుంది. మీ కారు పాలసీ అద్దె ఆర్వీకి వర్తిస్తుందో లేదో ఏజెంట్‌ని అడిగి ఈమెయిల్‌లో రాయించుకోండి. ఫోన్లో అన్న మాట క్లెయిమ్ దగ్గర పనికిరాదు.

అపోహ: టాయిలెట్‌లో నీళ్లు వాడితే ట్యాంక్ పాడవుతుంది

పెద్దవాళ్లు దీని గురించి మొహమాటంతో అడగలేక ఇబ్బంది పడుతుంటారు. అమ్మా, నిరభ్యంతరంగా నీళ్లు వాడండి. టాయిలెట్ మురుగు చేరే బ్లాక్ ట్యాంక్‌కి నీళ్లు మంచివే. అడ్డుపడేవి వెట్ వైప్స్. ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నా అవి లోపల వేయకండి. నీళ్లు వాడితే ట్యాంక్ త్వరగా నిండుతుంది, రెండో రోజు డంప్ (ఖాళీ) చేసుకుంటే సరిపోతుంది. ఫుల్ హుకప్ సైట్‌లో ఉన్నా బ్లాక్ వాల్వ్ తెరిచి వదిలేయకండి. నీరంతా పోయి గట్టిది అడుగున పేరుకుంటుంది. ముప్పావు వంతు నిండాకే తెరిచి, తర్వాత సింకు, స్నానం నీళ్లుండే గ్రే ట్యాంక్ వదిలితే పైపు కూడా కడిగినట్టవుతుంది.

మిగతావి గబగబా. ఆర్వీకి ప్రత్యేక లైసెన్సు కావాలన్నది నిజం కాదు, ఫ్లోరిడాలో మామూలు లైసెన్సు చాలు. ఇండియా లైసెన్సుతో నడపాలనుకుంటే కంపెనీ ఒప్పుకుంటుందో లేదో బుకింగ్‌కి ముందే అడగండి. బండి కదులుతుంటే వెనక మంచం మీద పడుకోవచ్చన్నది అబద్ధం, అందరూ బెల్టు పెట్టుకునే కూర్చోవాలి. హోటల్ కన్నా ఆర్వీ చవక అన్నదీ నమ్మకండి. గాలన్‌కి ఎనిమిది నుంచి పది మైళ్లు ఇస్తుంది, పోనూరానూ 320 మైళ్లకే 32 నుంచి 40 గాలన్లు, పైన సైట్ అద్దె. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా తుఫాను సీజన్ కాబట్టి అసలు రాకూడదంటారు. రావచ్చు, కానీ క్యాన్సిలేషన్ షరతులు చదివి రండి. హెచ్చరిక వస్తే ముందుగా ఖాళీ చేయించేది పర్యాటకులను, ఆర్వీలనే. వెళ్లమన్నప్పుడు బేరాలాడకుండా వెళ్లిపోండి.

శుక్రవారం మధ్యాహ్నం మాత్రం బయల్దేరకండి. ఫ్లోరిడా సిటీ నుంచి కీ లార్గో దాకా 18 మైళ్లు ఇరుక్కుపోతారు. ఫ్లోరిడా సిటీలోనే ట్యాంకు నింపుకుని పొద్దున్నే ఎక్కితే, పార్కు చెక్ ఇన్ మూడింటికి కాబట్టి దారిలో ఆగుతూ నింపాదిగా వెళ్లొచ్చు. తేదీలు, సైట్ నంబరు చేతిలో పెట్టుకుని నాకు ఫోన్ చేయండి. అప్పుడు ఎన్ని అడుగుల బండి కావాలో మాట్లాడుకుందాం.