హంపి వెళ్ళి అలసిపోయి రాకండి: తుంగభద్ర లోయ గురించి అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో ఉంటూ కుటుంబాలకు ట్రిప్పులు ప్లాన్ చేసి పెట్టడం నా పని. అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది తుంగభద్ర ఒడ్డునే, అంటే హంపి, ఆనెగొంది, వాటి చుట్టుపక్కల ఊళ్ళు. "రెస్ట్ కావాలండీ, ఆఫీసు టెన్షన్ మర్చిపోవాలి" అని ఫోన్ చేస్తారు. ఆ సాయంత్రానికే ఇరవై చోట్లతో లిస్టు పంపిస్తారు. ఆ లిస్టులో సగం కొట్టేయించడానికే ఇది రాస్తున్నాను.

అపోహ: శని, ఆదివారాలు చాలు.

చూసొచ్చామని చెప్పుకోడానికి చాలు. హైదరాబాద్ నుంచి దాదాపు 370 కిలోమీటర్లు. శుక్రవారం రాత్రంతా ప్రయాణం చేసి, నిద్ర లేని కళ్ళతో విఠలాలయం దగ్గర బ్యాటరీ బండి కోసం క్యూలో నిలబడితే రాతి రథం కూడా బరువుగానే కనిపిస్తుంది. పైగా విఠలాలయం టికెట్ మీదే రాణివాసం ఆవరణ కూడా చూడొచ్చు కానీ, అదే రోజు చూసెయ్యాలి. అందుకని జనం పరుగులు పెడతారు. నేనైతే టికెట్ మళ్ళీ కొనుక్కోమంటాను. మూడు రాత్రులు ఉండండి, రోజుకు ఒక్క చోటు పెట్టుకోండి. పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు, మళ్ళీ నాలుగున్నర తర్వాత. మధ్యాహ్నం నీడపట్టున ఉండాల్సిందే. అక్కడి బండలు ఎండకు కాగి పొద్దువాలాక కూడా వేడి కక్కుతుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో అయితే అసలు వెళ్ళొద్దు.

ఒక్క చోటంటే ఎలా ఉంటుందో చెప్తాను. కృష్ణాలయానికి చాలామంది పది నిమిషాలే ఇస్తారు. మన నెల్లూరు జిల్లా ఉదయగిరి కోటను గెలిచాక, అక్కణ్ణుంచి తెచ్చిన బాలకృష్ణుడి కోసం శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన గుడి అది. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది, గర్భగుడి ఖాళీ. గోపురం మీద గచ్చుతో చేసిన సైనికులూ గుర్రాలూ ఇంకా నిలిచే ఉన్నాయి. పొద్దుటి ఎండ పక్కనుంచి పడుతుంటే ఒక్కో బొమ్మా విడివిడిగా తేలుతుంది. రోడ్డు దాటితే పాత బజారు మంటపాలు, వాటి చివర కోనేరు, పక్కనే అరటితోటలు. కోనేటి మెట్ల మీద కూర్చుంటే గంట ఎలా గడిచిందో తెలియదు.

అపోహ: హంపి బజారు దగ్గరే దిగాలి.

హంపి నదికి దక్షిణపు ఒడ్డున ఉంది. నాకు ఇష్టమైన ఒడ్డు ఉత్తరపుది, ఆనెగొంది. రాయచూరు, సింధనూరు, గంగావతి మీదుగా కారులో వచ్చేవాళ్ళకు ముందు తగిలేదీ అదే. తుంగభద్ర డ్యామ్ కట్టాక మన రైతులు వచ్చి స్థిరపడిన క్యాంపులు గంగావతి చుట్టూ బోలెడు. టీకొట్టు దగ్గర తెలుగులో అడిగితే తెలుగులోనే బదులు వస్తుంది. విజయవాడ, గుంటూరు వైపు నుంచి రైల్లో హోస్పేట దిగేవాళ్ళకు మాత్రం మొదటి రాత్రి దక్షిణపు ఒడ్డునే సుఖం.

ఆనెగొంది విజయనగరం కంటే పాతది. కోట గుమ్మంలోంచే ఊళ్ళోకి దారి. లోపల మనుషులు కాపురముంటున్న వీధులు, గగన్ మహల్, రంగనాథుడి గుడి. అరటినారతో బుట్టలు, సంచులు అల్లే ఆడవాళ్ళు ఉన్నారు. నారను తడిపి పాయలు తీసి, తాడులా పేనుతూ మీతో మాట్లాడుతూనే ఉంటారు, చేతులు మాత్రం ఆగవు. పిల్లల్ని వాళ్ళ దగ్గర కాసేపు కూర్చోబెట్టండి.

హంపికి ఎదురు ఒడ్డున ఒకప్పుడు రిసార్టులుండే విరూపాపుర గడ్డె గురించి పాత వీడియోలు చూసి అడిగేవాళ్ళకు ఒక మాట. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2020లోనే అక్కడి రిసార్టులను పడగొట్టారు. ఆ పేరు చెప్పి ఎవరైనా అడ్వాన్స్ అడిగితే ఇవ్వకండి.

అపోహ: ఎదురుగానే కదా, పడవలో దాటేయొచ్చు.

ఈ పొరపాటు నేనే చేశాను. ఒక ఆగస్టులో ఒక కుటుంబానికి గది ఒక ఒడ్డున, చూడాల్సినవన్నీ రెండో ఒడ్డున పెట్టి ప్లాన్ ఇచ్చాను. వాళ్ళు చేరిన మర్నాడే డ్యామ్ గేట్లు ఎత్తారు. నది ఉప్పొంగి హంపి ఒడ్డునున్న పురందర మంటపం మునిగిపోయింది, పడవలు ఆపేశారు. చంటిపిల్లతో రోజుకు రెండుసార్లు రోడ్డు మీద చుట్టు తిరిగారు. నన్ను ఒక్క మాటా అనలేదు కానీ, ఆ బాధ నాకింకా ఉంది. ఆనెగొంది దగ్గర కడుతున్న వంతెన 2009లో కూలిపోయింది. ఇప్పుడు కారు దాటాలంటే బుక్కసాగరం, కడెబాగిలు మధ్యనున్న వంతెన మీదుగా పోవాలి. వానాకాలంలో వెళ్తుంటే బయల్దేరే ముందు డ్యామ్ నీటిమట్టం వార్త చూడండి. గది, చూడాల్సిన చోట్లు ఒకే ఒడ్డున పెట్టుకోండి.

అపోహ: నీళ్ళు తక్కువున్నాయి, దిగొచ్చు.

దిగొద్దు. బండల సందుల్లో నీరు లోపలికి లాగేస్తుంది. మొసళ్ళు కూడా ఉన్నాయి. సానాపురం దగ్గర బండల మీంచి దూకి ఈత వచ్చినవాళ్ళు కూడా కొట్టుకుపోయారు. పుట్టి ఎక్కినా లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే దిగిపోండి. ఒడ్డున నిశ్శబ్దంగా కూర్చుంటే నీటికుక్కలు కనిపించే అవకాశం ఉంది. ఈ నదిలో కొంత మేర 2015 నుంచి వాటికి రక్షిత ప్రాంతం.

అపోహ: పెద్దవాళ్ళను తీసుకెళ్ళలేం.

ఆనెగొంది దగ్గర, హనుమంతుడు పుట్టాడని చెప్పుకునే అంజనాద్రి కొండకు మెట్లు 575, అవి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు కావు. అదొక్కటీ వదిలెయ్యండి. పంపా సరోవరం దాకా కారు పోతుంది. కమలాపురం పక్కన పట్టాభిరామాలయం ఉంది. విశాలమైన ఆవరణ, జనం చాలా తక్కువ. ఒకసారి డెబ్భై ఏళ్ళ పెద్దావిడను కొడుకూ కోడలూ అక్కడ మంటపంలో చాప వేసి కూర్చోబెట్టి, వాళ్ళు విఠలాలయం చూసి వస్తామన్నారు. కొడుకు సగం దారిలోంచి వెనక్కి వచ్చేశాడట. తల్లీ కొడుకులిద్దరూ స్తంభానికి ఆనుకుని, వేయించిన పల్లీలు తింటూ పదకొండింటి దాకా కబుర్లు చెప్పుకున్నారు. ఆ ట్రిప్‌లో ఆయన విఠలాలయం చూడనే లేదు.