వాటాదారుకు కబురు ఎప్పుడు అందాలి?

మొన్నమొన్నటి దాకా మూడు నెలలకోసారి తెలుగు దినపత్రికల లోపలి పేజీల్లో కంపెనీల ఫలితాలు చీమతలకాయంత అంకెల్లో కనిపించేవి. చదివేవాళ్లు తక్కువే. అయినా వేయక తప్పదు. ఒక ఇంగ్లిష్ జాతీయ పత్రికలో, రిజిస్టర్డ్ ఆఫీసున్న ప్రాంతపు భాషలో మరోదాంట్లో వేయాలన్నది నిబంధన. హైదరాబాద్ కంపెనీలకు తెలుగు మీద మమకారం పుట్టి వేసినవి కావవి.

ఇలాంటి షరతులన్నీ ఒకప్పుడు కంపెనీకి, స్టాక్ ఎక్స్ఛేంజీకి మధ్య కుదిరే లిస్టింగ్ ఒప్పందంలో ఉండేవి. షేరు ధరను కదిలించే సంగతులను వెంటనే చెప్పాలని 36వ క్లాజు, బోర్డు ఎలా నడవాలో 49వ క్లాజు. కంపెనీ మాట తప్పితే ఎక్స్ఛేంజీ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం ట్రేడింగ్ ఆపేయడం. తప్పు యాజమాన్యానిది, వాత వాటాదారుకు.

ఆ ఏర్పాటు డొల్లతనం హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌తో బయటపడింది. 2008 డిసెంబరు 16న, దాని ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని బోర్డు ప్రకటించింది. వాటాదారుల ఓటు అడగలేదు. ఇన్వెస్టర్లు భగ్గుమంటే గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న రాజు లేఖ వచ్చింది: పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవు. ఆ ఒక్క రోజే షేరు ముప్పాతిక వంతుకు పైగా కూలింది. త్రైమాసిక ఫలితాలు ప్రకటిస్తూనే వచ్చిన కంపెనీ అది. చెప్పకపోవడం కాదు, చెప్పిందే అబద్ధం.

2015 డిసెంబరు 1 నుంచి ఒప్పందం స్థానంలో షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలే వచ్చాయి. ప్రమోటర్ల (కంపెనీని తమ అదుపులో ఉంచుకున్న యజమానుల) సొంత సంస్థలతో పెద్ద లావాదేవీలకు ఇతర వాటాదారుల ఆమోదం కావాలి. కబురు చెప్పే గడువులూ కుదించుకుపోయాయి: 2023 జులై నుంచి బోర్డు నిర్ణయమైతే సాధారణంగా 30 నిమిషాలు, కంపెనీ లోపలే పుట్టిన సంగతైతే 12 గంటలు. 2024 జూన్ నుంచి, మొదట 100 పెద్ద కంపెనీలు, షేరు ధరను కదిపే పుకార్లకు కూడా జవాబు చెప్పాల్సి వచ్చింది. నాకు వీటన్నిటికన్నా ముఖ్యమనిపించేది 2022 ఏప్రిల్ మార్పు. ఫండ్ మేనేజర్లతో ఫలితాల మీద జరిపే కాల్స్ రికార్డింగులు, పూర్తి పాఠం అందరికీ అందుబాటులో పెట్టడం తప్పనిసరైంది. అంతవరకు ఆ మాటలు పది షేర్లున్న మనిషికీ వినిపించి తీరాలన్న నిబంధన ఉండేది కాదు.

2024 డిసెంబరు సవరణతో పత్రికల్లో ఆ అంకెల పట్టిక స్థానంలోకి క్యూఆర్ కోడ్ వచ్చింది. తెలుగు పత్రికలో దాన్ని స్కాన్ చేస్తే తెరుచుకునే పత్రం మాత్రం సాధారణంగా ఇంగ్లిషులోనే ఉంటుంది.