తాళంచెవి లేని ఇంజన్

చిరంజీవులకు తాత ఆశీస్సులు.

ఆవిరి ఇంజన్‌కు తాళంచెవి లేదు. తెల్లవారి బండి కదలాలంటే ముందు రాత్రే పొయ్యి ముట్టించాలి. మీటర్ గేజ్, అంటే మీటరు వెడల్పు పట్టాల రోజుల్లో మన పాకాల జంక్షన్ నుంచి తిరుపతికి, కాట్పాడికి, ధర్మవరానికి బండ్లు పోయేవి. ఆ ఇంజన్లను సిద్ధం చేసే పని గురించి రాస్తున్నాను.

చల్లారిన ఇంజన్‌లో మొదట కట్టెలు, నూనెలో ముంచిన కాటన్ వేస్ట్ వేసి అంటిస్తారు. మంట నిలిచాక బొగ్గు కొద్దికొద్దిగా చల్లాలి. తొందరపడ్డామా, నీళ్లు కాగే బాయిలర్ రేకులు, గొట్టాలు ఒక్కోచోట ఒక్కోలా సాగి అతుకుల దగ్గర నీళ్లు కారతాయి. అందుకే ఆవిరి లేవడానికి గంటలు పట్టేది.

బండి దిగొచ్చిన ఇంజన్‌ది ఇంకో గోల. బూడిద గుంత మీద నిలబెట్టి, పొడవాటి ఇనప కడ్డీతో పొయ్యిలో గడ్డకట్టిన బొగ్గు చిట్టెం పగలగొట్టి కిందికి తోయాలి. గుంతలోకి దిగి ఆ వేడి బూడిద లాగేవాడి ఒళ్లు ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. అందరూ డ్రైవర్‌నే మొనగాడు అంటారు, నా ఓటు మాత్రం ఈ మనిషికే. తర్వాత బొగ్గు, నీళ్లు, ఇసుక, నూనె. ఇసుకెందుకంటే, పట్టాలు తడిసినప్పుడు చక్రాలు జారకుండా.

ఇక నీళ్ల సంగతి. బోరు నీళ్లు కాగబెట్టిన గిన్నెకు అడుగున తెల్లగా పొలుసు కడుతుంది చూడండి, బాయిలర్‌లోనూ అంతే. పొలుసు మందమైతే వేడి నీళ్లకు అందదు, బొగ్గు దండగ, రేకు కాలిపోతుంది. అందుకని అప్పుడప్పుడు ఇంజన్‌ను చల్లార్చి, బిరడాలు విప్పి, నీళ్లు జోరుగా కొట్టి లోపలంతా కడిగేవాళ్లు.

బాయిలర్ లోపలే ఉండే పొయ్యి పైకప్పు మీద ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండాలి. తగ్గితే ఆ రేకు ఎర్రగా కాలి మెత్తబడుతుంది. మీటర్ గేజ్ మీద నడిచిన వైపీ రకం ఇంజన్‌లో ఆవిరి ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌండ్లు, మెత్తబడిన రేకు దాన్ని ఆపగలదా? అందుకే పైకప్పులో సీసం నింపిన బిరడా ఉంటుంది. నీళ్లు తగ్గితే సీసం కరిగి, ఆ కంతలోంచి ఆవిరి బుస్సుమని పొయ్యిలోకి దూకుతుంది. అంతవరకు రాకూడదనే డ్యూటీ ఎక్కగానే డ్రైవర్ కన్ను ముందు నీటిమట్టం చూపే గాజు గొట్టం మీదికి పోయేది.

ఈసారి ఎక్కడైనా పాత ఇంజన్ పెట్టి ఉంటే, ఎక్కనిస్తే, కేబిన్‌లో ఆ గొట్టం ఎక్కడుందో వెతకండి. రెండు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఒకటి పగిలినా, మూసుకుపోయినా రెండోది ఉండాలని పెట్టారు.

ఇట్లు,
మీ తాత