రౌతు బరువు, గుర్రానికి న్యాయం

విజయదశమి రోజున కర్నూలు జిల్లా మద్దికెరలో గుర్రాలు పరుగు తీస్తాయి. యాదవ రాజుల వంశీకులు బొజ్జనాయునిపేట నుంచి మద్దికెర దాకా స్వారీ చేస్తారు. ఎవరు ముందు చేరితే వారిదే గెలుపు. అంత తక్కువ దూరానికి రౌతుల బరువు తూచవలసిన పని లేదు. ఒక్క రోజులో 160 కిలోమీటర్లు సాగే, గుర్రం ఓర్పును పరీక్షించే ఎండ్యూరెన్స్ పోటీల సంగతి వేరు. అక్కడ ముందు చేరిన గుర్రానికి ఒక బహుమతి, గమ్యం చేరాక అన్నిటికన్నా ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి మరొకటి. ఈ రెండోదే గొప్పదని నా నమ్మకం. పేచీ కూడా దాని దగ్గరే. 60 కిలోల మనిషిని మోసిన గుర్రాన్నీ, 95 కిలోల మనిషిని మోసిన గుర్రాన్నీ పక్కపక్కన నిలబెట్టి ఏది మెరుగని చెప్పడం ఎలా?

మొదట్లో దీనికి సైనికుల జవాబే చెల్లింది. 1919లో అమెరికాలో సైన్యం అవసరాల కోసం మొదలైన పరీక్షల్లో గుర్రాలు ఐదు రోజుల పాటు రోజుకు సుమారు 60 మైళ్లు నడిచేవి. సిపాయినీ అతని సామానునూ మోయగల గుర్రం కావాలి కాబట్టి అన్నిటికీ ఒకే బరువు పెట్టారు. మొదట 200 పౌండ్లు, ఆ తర్వాత 245 పౌండ్లు, అంటే 111 కిలోలు.

1955లో వెండెల్ రోబీ కాలిఫోర్నియాలో వంద మైళ్ల టెవిస్ కప్ స్వారీని ప్రారంభించాడు. మొదటి పది స్థానాల్లో వచ్చిన గుర్రాల్లో ఉత్తమ స్థితిలో ఉన్నదానికి 1964 నుంచి హాగిన్ కప్ ఇస్తున్నారు. 1972లో అమెరికా ఎండ్యూరెన్స్ సంఘం ఏర్పడింది. ఉత్తమ స్థితి బహుమతికి ఆ సంఘం వాడే లెక్క ఇది: పశువైద్యుని పరీక్షకు 500 పాయింట్లు, సమయానికి 200, బరువుకు 100. జీనుతో సహా అందరికన్నా బరువైన రౌతుకు పూర్తి నూరు. మిగిలినవారికి తగ్గిన ప్రతి పౌండుకు అర పాయింటు కోత. నిమిషం ఆలస్యానికి ఒక పాయింటు పోతుంది కాబట్టి, 23 కిలోల తేడా దాదాపు 25 నిమిషాలకు సమానం.

బరువు మోసినందుకు ప్రతిఫలం ఉండాలి, సందేహం లేదు. కానీ ఆ తూకంలో గుర్రం ఎక్కడ? 420 కిలోల గుర్రం మీద 84 కిలోలు, 360 కిలోల గుర్రం మీద 72 కిలోలు ఉన్నాయనుకుందాం. రెండూ మోసింది తమ బరువులో ఐదో వంతే. అయినా చిన్న గుర్రానికి 13 పాయింట్లు తక్కువ. మన బండలాగుడు పోటీల్లో ముందు ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తారు. రెండు పళ్లా, నాలుగు పళ్లా, ఆరు పళ్లా తేల్చాకే ఏ విభాగమో, ఎంత బండో నిర్ణయిస్తారు. తోలేవాడి ఒడ్డూ పొడుగూ ఎవరికీ పట్టవు. ఎండ్యూరెన్స్‌లో విభాగాలు పెట్టింది రౌతు బరువును బట్టి.

అంతర్జాతీయ ఛాంపియన్‌షిప్‌లు కనీస బరువు దారి పట్టాయి. సీనియర్ రౌతుకు జీనుతో కలిపి 75 కిలోలు ఉండాలన్నారు. తక్కువైతే సీసం కట్టుకోవాలి. మనిషి ఒళ్లు గుర్రం నడకతో పాటు కదులుతుంది, సీసం కదలదు. రెండు రకాల బరువునూ ఒకే అంకెగా రాయడం నాకు సమంజసంగా తోచదు.

1995, 1996 టెవిస్ స్వారీల్లో 360 గుర్రాలను పరిశీలించిన ఒక అధ్యయనం ఈ వాదానికి కొత్త మలుపు ఇచ్చింది. గుర్రం పోటీ పూర్తి చేసిందా లేదా అన్నదానిపై రౌతు బరువు ప్రభావం కనిపించలేదు. గుర్రం బరువుతో నిష్పత్తి కట్టి చూసినా అంతే. తేడా తెచ్చింది గుర్రం కండపుష్టి. బక్కచిక్కినవే ఎక్కువగా మధ్యలో ఆగిపోయాయి. దీన్ని చూపి బరువు పాయింట్లే వద్దనేవారితో నేను ఏకీభవించను. పోటీ పూర్తి చేయడం వేరు, పూర్తి చేశాక ఏ స్థితిలో ఉందన్నది వేరు. కాకపోతే తూకం రౌతుతో ఆగకూడదు. ఛాతీ చుట్టుకొలత, ఒంటి పొడవు టేపుతో కొలిచి గుర్రం బరువు అంచనా కట్టడం పశువైద్యులకు కొత్త కాదు. ఆ అంకెను కండపుష్టితో పాటు బయలుదేరే ముందే గుర్రం పరీక్షల కార్డులో రాసి, కోత విధించేటప్పుడు దానికి తగిన నిష్పత్తిలో లెక్కగట్టాలి.