చేప చర్మంలో దాగిన హెచ్చరిక

చిరంజీవులకు ఆశీస్సులు.

బురదనీళ్ల చెరువులో జానెడు దూరం కూడా సరిగా కనపడదు. అలాంటి చోట చేపపిల్లను ముందుగా హెచ్చరించేది వాసనే. ఈ సంగతిని ఆస్ట్రియా జంతు శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1938లో ప్రకటించాడు. గాయపడిన మిన్నో అనే చిన్న చేపను గుంపులోకి తిరిగి వదిలితే, మిగతావన్నీ బెదిరిపోయాయి.

చేప చర్మం పైపొరలో కొన్ని పెద్ద కణాలుంటాయి. వాటికి బయటికి దారి లేదు. చర్మం చిరిగితేనే లోపలి పదార్థం నీళ్లలో కలుస్తుంది. మన శీలావతి, బొచ్చె, వాలుగ, అక్వేరియంలో పెంచే గోల్డ్‌ఫిష్, జీబ్రా చేప చేరిన పెద్ద వర్గంలో చాలావాటికి ఈ ఏర్పాటు ఉంది. ఆ వాసన తగిలితే చేపలు దగ్గరగా చేరి అడుగుకు దిగుతాయి, కదలకుండా ఉండిపోతాయి, మేత ముట్టవు.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది వాటి నేర్పు. పైక్ అనే వేటచేపను ఎన్నడూ ఎరగని ఫాట్‌హెడ్ మిన్నోకు పైక్ వాసన ఒక్కటే తగిలితే భయపడదు. అదే వాసన, చిరిగిన చర్మపు వాసన కలిసి ఒక్కసారి తగిలితే చాలు, ఆపైన పైక్ వాసనకే దాక్కుంటుంది. మిన్నోలను తిన్న పైక్ నుంచైతే ఆ హెచ్చరిక దాని మలం ద్వారా కూడా వెలువడుతుంది. అందుకేనేమో, పైక్‌లు తాము వేటాడే చోట కాక దూరంగా మలం వదులుతాయని ప్రయోగాల్లో తేలింది!

అయితే ఈ పాఠం గురి తప్పవచ్చు కూడా. హెచ్చరిక వచ్చిన క్షణంలో పక్కన ఏముంటే అదే శత్రువనుకుంటుంది చేప. ఏ హానీ చేయని గోల్డ్‌ఫిష్‌ను చూసి మిన్నోలు, ఎర్రటి దీపానికి జీబ్రా చేపలు అలాగే భయపడటం నేర్చుకున్నాయి. ఇంకో చిత్రం: గుడ్లు పెట్టే కాలంలో మగ ఫాట్‌హెడ్ మిన్నోలకు ఆ కణాలే పోతాయి. గూడును ఒంటితో రుద్ది శుభ్రం చేసేటప్పుడు చర్మం గీసుకుపోతుంది కదా, కణాలుంటే ఊరికే హెచ్చరిక వెలువడేది.

పరీక్షించేవాళ్లు చర్మం ముక్కను చల్లని నీటిలో నూరి, వడగట్టి, సన్నని గొట్టంతో తొట్టిలోకి వదులుతారు. ఇంకో తొట్టిలోకి ఉత్త నీరు అదే తీరున వదలాలి. లేకపోతే చేప బెదిరింది వాసనకా, నీటి అలికిడికా అన్నది తేలదు.

మీ ఇంటి అక్వేరియంలో గరుకు వలతో చేపను పట్టకండి. పొలుసు ఊడి చర్మం చిరిగితే తొట్టిలోని మిగతా చేపలు కూడా బెదిరి మేత మానేయవచ్చు. అలా జరిగితే మూడో వంతు నీరు మార్చి, కాసేపు కదిలించకుండా వదిలేయండి. వేసే కొత్త నీటిలో క్లోరిన్ ఉండకూడదు, వేడి కూడా పాత నీటితో సమంగా ఉండాలి.

మీ తాతయ్య